మూడు పాళ్ళు తాజా, ఒక పాలు నిలవ

వాగ్దేవికి అంజలి. అవ్యక్తమై ఉండి వ్యక్తమైన సమస్తాన్నీ నడిపించే ఆ తల్లి, ఈ ముసలిచేతి వణుకును ఈ నాలుగు పుటలు ముగిసేదాకా ఆపుగాక. ఈశ్వర నామ సంవత్సర మార్గశిర శుద్ధ పంచమి, నిజామాబాదు.

అరువది సంవత్సరాల చక్రం ఒక చుట్టు తిరిగి, నా బాల్యంలో వచ్చిన ఈశ్వర సంవత్సరమే మళ్ళీ వచ్చింది. ఈ పేరును రెండవమారు రాయగలిగే ఆయుస్సు నాకు దక్కుతుందని అనుకోలేదు. ఈ ఉదయం మా ఊరినుంచి సాయిలు వచ్చాడు. రెంజలుకు ఈవల మాకు పొలమున్న కాలంలో మా చెరకుపెనం దగ్గర బెల్లం వండిన గంగారాంకు ఇతడు మనుమడు. చంకలో గోనెపట్టాలో చుట్టిన వస్తువేదో ఉంది. అరుగుమీద కూర్చుని పట్టా విప్పుతూ, "దండాలవ్వా. ఇల్లు ఇప్పి కొత్తగ కడ్తున్నం. అటకమీద గిది దొరికింది. మా నాయనమ్మ గిండ్ల వడియాలు ఎండవెడ్తుండె. పంతులుగారి ఇంటిది, ఎన్నడన్న అడిగితే ఇయ్యాలె అని అంటుండె. మీరు అడగనే లేదు. నాకు పారేయబుద్ధి కాలె," అన్నాడు.

టేకుపలక. మూరెడు వెడల్పు, మూరన్నర పొడవు, నాలుగు వైపులా వేలెడెత్తు అంచు. ఒక మూల పెచ్చు లేచిపోయింది. ఆ పెచ్చు ఎట్లా లేచిందో నేను ఎరుగుదును. లోపల నూనెమరక, బూడిదగుమ్మడి వడియాల ఇంగువవాసన. సాయిలుకు మజ్జిగ ఇచ్చి పంపి, తలుపు దగ్గరగా వేసి, దానిని ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. దానిమీద చదువుకొనుటకు ఒక్క అక్షరం లేదు. రాసినది నిలువకుండుటకే దానిని చేయించారు. అది మా నాన్నది, మా బాపు ఇసుకపలక.

బాపు పగలు నిజామాబాదులోని ఉర్దూబడిలో లెక్కలు చెప్పేవారు. అక్కడ బీజగణితం పేరు జబ్ర్-ఒ-ముఖాబలా. తెలియని రాశి పేరు 'లా'. సాయంకాలం ఇంటికి వచ్చి, కాళ్ళు కడుగుకొని, తలపాగా చిలుకకొయ్యకు తగిలించి, మంజీరనుంచి తెప్పించి జల్లించిన సన్నని ఇసుకను ఆ పలకమీద పలుచగా పరిచి, మా ఇద్దరు అక్కచెల్లెళ్ళకు అదే విద్యను పూర్వుల మాటలతో చెప్పేవారు. ఇక్కడ తెలియని రాశి పేరు 'యావత్తావత్తు', అనగా ఎంతో అంత. వేపపుల్లతో దాని తొలి అక్షరం 'యా' అని రాసి, "ఇది ఎంతో మనకు ఎర్క లేదు. ఎర్క లేదని భయపడొద్దు. దానికి పేరు వెట్టి పక్కకు కూసోవెట్టాలె. పనంత అయినంక అదే చెప్తది తానెంతనో," అనేవారు. వీథిలో ఇండ్లముందర పసుపు ఉడికించే రోజులవి. ఆ పచ్చి ఘాటు, బాపు వేళ్ళకంటిన సుద్దవాసన, మేనత్త రాజమ్మ పీల్చే నస్యపు వాసన మూడూ కలిసినదే నాకు గణితశాస్త్రపు పరిమళం.

అమ్మ నన్ను కని పోయింది. మమ్మల్ని పెంచినది రాజమ్మత్త, బాపుకు పెద్దక్క. చిన్ననాటనే భర్త పోయి పుట్టింటికి వచ్చి, తమ్ముని సంసారం తన చేతిలోకి తీసుకొన్నది. ప్రతి శనివారం మా తలలకు ఆముదం పట్టించి, మా జడలు కండ్లు లాగుకొనిపోయేటంత బిగించి అల్లేది. ఆమె మాటకు బాపు ఎదురుచెప్పగా నేను చూడలేదు. ఆమెది చెడ్డమనస్సని ఎవరైనా అంటే ఇప్పటికీ ఒప్పుకోను.

బాపుకు మిశ్రమాల లెక్కలు మిక్కిలి ప్రియం. రెండు రకాల బియ్యం కలిపితే ఏ రకం, మంచి పసుపులో నాసి పసుపు ఎంత కలిసింది, చిక్కని పాలు ఎన్ని, నీళ్ళు ఎన్ని: ఇట్లా ఇంట్లో ఉన్న సమస్త వస్తువులనూ పలకమీదికి దించేవారు. నేను ఆ లెక్కలు చేసేదానిని. మా సుభద్రక్క వాటిని చూసేది. ఈ రెంటికీ భేదం ఆనాడే నాకు తెలుసు. నేను మెట్టుమెట్టుగా దిగి పుల్లతో గీతలు గీస్తుండగా, ఆమె పలకవైపు ఒక్కమారు తల వంచి, పెదవి కొరుక్కొని, జవాబు చెప్పి, మరి దీనిని తలక్రిందులు చేస్తే ఏమౌతుందని బాపునే ఎదురు అడిగేది. బాపు కండ్లద్దాలు తీసి తుడుచుకొనేవారు. అది ఆయన సంతోషానికి గుర్తు.

మాకు పాలు పోసే నర్సవ్వతో అక్కకు నిత్యం తగవు. ఒకనాడు అక్క నర్సవ్వ పాలు కొన్ని విడిగా కాచి కోవా తీసింది. వారం క్రితం మా కండ్లముందు పిండించిన బర్రెపాల కోవాతో తూచి పోల్చి, పలకమీద ఇసుక పరిచి, మరునాటి ఉదయం గడపలో నిలిచి, "నర్సవ్వా, నాలుగు పాళ్ళల్ల ఒక పాలు బావిది," అని చెప్పింది.

నర్సవ్వ చెంబు దించి నడుముమీద చేయి వేసుకొన్నది. "ఏందే పిల్లా, పాలను సుత అడిగినవా నువ్వు ఎవరి బిడ్డవని? రాజవ్వా, జర ఇను. దీనికి లగ్గమైతే దీని మొగడు పాలు తాగుడే బంద్ వెడ్తడు!"

రాజమ్మత్త నస్యపు డబ్బీ మూత వేస్తూ, "వాడు తాగుడు సంగతి తర్వాతనే గని, రేపటిసంది బావి మీ ఇంటికాడనే ఇడిసిపెట్టి రా," అన్నది. ముగ్గురూ నవ్వుకొన్నారు. మరునాటినుంచి పాలు చిక్కనైనవి. ఆనాడు అత్త అక్క బుగ్గ పుణికి మెటికలు విరిచింది. అది కూడా నా కండ్లతో చూసినదే.

ఆ ఈశ్వర సంవత్సరంలో అక్కకు పదహారవ ఏడు. ఆమె ఈడు ఆడపిల్లలకు అప్పటికే పెండ్లిళ్ళై పోయినవి. బాపు మాత్రం హైదరాబాదులో ఆడపిల్లల బడిలో ఆమెను చేర్చవలెనని, అక్కడ తన స్నేహితుని ఇంట ఉంచవలెనని తలపోశారు. అక్కకు అంతకుమించిన కోరిక లేదు. వంటింట్లో కూర్చుని చింతపండు పిసుకుతూ కూడా, "అక్కడ మిద్దెమీద నల్లబల్ల గోడంత పొడుగుంటదట లచ్చూ, తుడిపినా మల్ల రాసుకోవచ్చు," అని నాతో చెప్పేది. బాపు చాలా మాసాలు మథనపడి ఒకనాడు ఆ సంగతి అత్త చెవిన వేశారు. అత్త కాదనలేదు. "తొలిపెనం దిగని తమ్మీ. అమ్మవారికి పెట్టి, ఊరికి పంచినంక నేనే దీని బట్టలు సందూకుల సదురుత," అన్నది. అత్త మాట ఇచ్చిందంటే రాయిమీద గీత. అక్క ఆ రాత్రి నా మెడ చుట్టూ చేయి వేసి నిద్రపోయింది.

తొలిపెనం అంటే ఏమిటో చెప్పాలి. మా పొలాలకు కాలువనీళ్ళు వచ్చి అప్పటికి కొద్ది ఏండ్లే. తరతరాలుగా పసుపూ వరీ ఎరిగిన చేతులు మావి; చెరకు మాకు కొత్తపంట. బోధనులో చక్కెర కర్మాగారపు పొగగొట్టం అప్పుడే ఆకాశానికి లేస్తున్నది. ఊళ్ళలో మాత్రం ఎవరి గానుగ వారిది, ఎవరి బెల్లం వారిది. కొత్తపంటే అయినా దానికి ఒక ఆచారం అప్పుడే స్థిరపడింది. ఏటా మొదటి పెనంలో దిగిన బెల్లాన్ని ఎవరూ అమ్మరాదు. ఇంటి ఆడపిల్ల మొదటి ముద్దను ఇత్తడిపళ్ళెంలో అమ్మవారి గుడికి తీసుకొనిపోవాలి. మిగిలినది గడపగడపకు పంచాలి. ఊరంతటికీ సరిపోవాలంటే ముప్పదియైదు సేర్ల బెల్లం దిగాలి. తొలిపెనం గట్టిపడితే ఏడాదంతా ఇంట్లో తలపెట్టిన పనులు గట్టిపడతాయని అందరి నమ్మకం. అది చెదిరితే ఏమౌతుందో ఎవరూ చెప్పలేదు, అంతవరకు ఎవరిదీ చెదరలేదు గనుక.

ఆ యేడు కార్తీకంలో అకాలవర్షం పడింది. చెరకు సగం కొట్టి ఉండగా చేను బురదై బండి కదలలేదు. కొట్టిన గడలు గట్టుమీదనే పడి నానినవి, మళ్ళీ ఎండకు వాడినవి. నేల ఆరిన తరువాత మిగిలిన చెరకు కొట్టించారు. ఇట్లా మా గానుగముందు తాజా గడల కుప్ప ఒకటి, నిలవ గడల కుప్ప ఒకటి నిలిచినవి. నిలవ చెరకును పడవేద్దామని బాపు అనబోతే అత్త ఒప్పుకోలేదు. "దేవుడిచ్చిన పంటను పసులకు ఏస్తవా? కొత్తబియ్యంల పాతబియ్యం కలుపుతలేమా? గట్లనే కలుపు," అన్నది.

గంగారాం కూడా అదే అన్నాడు. అతడు పసుపు వండటంలో ఆరితేరినవాడు. చెరకుపెనంముందు మావలెనే కొత్తవాడు. "నాసి కొమ్ములు మంచి కొమ్ములల్ల కలిపి వండుతనే ఉన్నం గదా పంతులూ. దేని గుణం దానికి ఉంటది. ఎంత కలపాల్నో చెప్పుండ్రి, కలుపుత."

బాపు అక్కవైపు తిరిగి, "నీ లెక్కనే ఇది బిడ్డా," అన్నారు.

అక్క ముందుగా పరీక్ష చేసింది. కడవెడు తాజారసం విడిగా కాయించి తూకం వేయించింది: రెండు సేర్ల బెల్లం. కడవెడు నిలవరసం కాయించింది. అది నల్లగా, తీగలుతీగలుగా సాగుతూ గరిటెను వదలలేదు. చల్లారితే గట్టిపడుతుంది లెమ్మని గంగారాం అన్నాడు. త్రాసులో పెడితే ఒక సేరు తూగింది. తూకానికి వచ్చింది గనుక లెక్కకూ వచ్చింది. అది బెల్లమా కాదా అని మాలో ఎవరికీ తోచలేదు.

గానుగపక్కనే గోనెపట్టా వేసుకొని అక్క పలకమీద ఇసుక పరిచింది. పెనానికి ఇరవై కడవలు పడతాయి. తాజారసం యావత్తావత్తు. ఇరవైలో అది పోగా మిగిలినది నిలవరసం. తాజా కడవకు రెండు సేర్లు, నిలవ కడవకు ఒకటి. మొత్తం ముప్పదియైదు కావాలి. రెండు యావత్తావత్తులలో ఒకటి పోగా ఒకటి నిలిచింది. ముప్పదియైదులో ఇరవై పోగా పదిహేను నిలిచింది. "పదిహేను తాజా, అయిదు నిలవ. మూడు పాళ్ళకు ఒక పాలు," అన్నది అక్క, చేతులకంటిన ఇసుక దులుపుకొంటూ. బాపు మరొకమారు సరిచూశారు. ఒక్క వీసం తేడా లేదు. కండ్లద్దాలు తీసి తుడుచుకొన్నారు.

ఆ సాయంకాలమే రెండు రసాలనూ ఆ పాళ్ళలో కలిపి ఉంచారు. మరునాటి ఉదయం పెనం ఎక్కింది. పిప్పిమంట భగ్గున లేచింది. సున్నపుతేట వేసి మడ్డి తీసివేస్తూ గంగారాం చెమటలు కక్కుతున్నాడు. ఊరి పిల్లలు, ముసలివారు, గానుగదగ్గర పనిచేసే మరాఠీ కూలీలు అందరూ చుట్టూ చేరారు. అత్త పట్టుచీర కట్టి ఇత్తడిపళ్ళెం పట్టుకొని నిలబడింది. అక్క తలంటుకొని, కొత్తపావడ వేసుకొని, ఆ పళ్ళెం తన చేతికి వచ్చే క్షణంకోసం ఆమె ప్రక్కనే నిలబడింది. పాకం చిక్కబడింది. ఎర్రగా తిరిగింది. గంగారాం చుక్క తీసి చల్లటినీళ్ళలో వేసి వేళ్ళతో నలిపాడు. అది ఉండ కాలేదు. మళ్ళీ కాచాడు, మళ్ళీ చూశాడు. వేళ్ళనడుమ తీగ సాగింది. మంట తగ్గించి, పెనం దించి, పాకాన్ని తొట్టిలో పోసి తెడ్డుతో తిప్పుతూ ఉండిపోయాడు. మధ్యాహ్నం అయింది. తొట్టిలో ఉన్నది కదలుతూనే ఉంది. చివరకు తెడ్డు ప్రక్కన పెట్టి, ఎవరి మొగమూ చూడకుండా, "గడ్డ కడ్తలేదు పంతులూ," అన్నాడు.

"జరసేపు సూడురా," అన్నది అత్త.

"సూసిన తల్లీ. ఇగ కట్టది."

మూడు పాళ్ళ మంచిరసం అందులో ఉంది. అది ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియలేదు. గుంపులోనుంచి ఒక ముసలామె, "ఆడపిల్ల ఇసుకల గీతలు గీసిననాడే అనుకున్న," అన్నది. అత్త ఖాళీపళ్ళాన్ని కొంగుతో కప్పుకొని ఇంటికి నడిచింది. ఇంటికి వచ్చిన తరువాత, అరుగుమీద కూలబడి, బాపుతో మెల్లగా అన్నది: "తొలిపెనమే చెదిరింది తమ్మీ. పిల్లను ఊరు దాటించి ఏం జూస్తమో? తల్లి లేని పిల్ల. నాకు భయమైతున్నది. వద్దు." అది కోపమైతే బాపు వాదించి ఉండేవారు. భయంతో వాదించే శాస్త్రం ఆయన చదువలేదు.

అక్క గుమ్మందగ్గర నిలబడి అడిగింది: "బాపూ, లెక్క తప్పా?"

"లెక్క తప్పు గాదు బిడ్డా."

"మరి ఏది తప్పు?"

అక్క ఏడువలేదు. ఆ మరునాటినుంచి పెరటిపొయ్యిమీద చిన్నచిన్న గిన్నెలు పెట్టి, తాజారసంలో నిలవరసం కలిపి కాచసాగింది. నాలుగింట ఒకటి, ఎనిమిదింట ఒకటి, పదహారింట ఒకటి. నేను పిప్పి ఎగదోసేదానిని. కండ్లలో పొగ, జుట్టులో మసి. కొన్ని కలిపిన వెంటనే కాచేది. కొన్ని పొద్దుటినుంచి సాయంకాలందాకా కలిపి ఉంచి కాచేది. ఒకనాటి సాయంకాలం నాలుగు గిన్నెలు ఓణీకొంగుతో పట్టుకొచ్చి బాపుముందు వరుసగా పెట్టింది. రెండు రసాలనూ కలిపి ఎంత ఎక్కువసేపు ఉంచితే బెల్లం అంత మెత్తబడింది.

"సూడు బాపూ. బియ్యంల బియ్యం కలిస్తే రెండూ ఎక్కడియక్కడనే ఉంటయి. పసుపు సుత గంతే. మనం గదే నమ్మినం. ఈ రసం గట్ల గాదు. కలిసిన గడియసంది నిలవది ఊకుంటలేదు. తాజాదాన్ని తనతీరు చేసుకుంటున్నది. నా యావత్తావత్తు పదిహేను అని రాసిన. అది పదిహేనై ఉంటేగదా? గడియగడియకు తగ్గుతున్నది. అందుకే లెక్క తప్పలే, పాకం తప్పింది."

బాపు ఆ నాలుగు గిన్నెలనూ ఒకదానితరువాత ఒకటి వేలితో తాకి చూశారు. "ఇట్ల తనంతట తాను మారే రాశిని నేను చదివిన శాస్త్రంల ఎవ్వరూ రాయలేదు, తల్లీ," అన్నారు.

"అయితే నన్ను పంపుతవా?"

వంటింటి గడపలో అత్త నిలబడి ఉంది. బాపు ఆమెవైపు చూశారు, అక్కవైపు చూశారు. అరుగుమీద పలక ఉంది. అందులో అక్క కొత్తగా మొదలుపెట్టిన లెక్క ఉంది, 'యా' పక్కన గడియలకొక గుర్తు పెట్టి. బాపు అరచేతితో ఆ ఇసుకను మెల్లగా, ఈ అంచునుంచి ఆ అంచుదాకా, సాపు చేశారు. అక్క ఒక్కమారు పలక లాగుకోబోయింది. అది జారి బండమీద పడి మూల పెచ్చు లేచింది. ఇసుక అక్క పాదాలమీద పడింది. ఆమె కాళ్ళు దులుపుకోలేదు. అట్లాగే వంటింట్లోకి వెళ్ళి అన్నం వార్చింది.

మరునాడు అత్త ఆ పలకను గంగారాం భార్యకు ఇచ్చివేసింది. మా ఇంట మళ్ళీ ఇసుక జల్లించలేదు. బాపు నాకుమాత్రం సంస్కృతమూ, ఛందస్సూ, పూర్వకవుల కావ్యాలూ మొదలుపెట్టారు. పద్యాలు ఏ పెనాన్నీ చెడగొట్టవని అత్త ఒప్పుకొన్నది. నేను ఈనాడు నాలుగు వాక్యాలు నిలకడగా కట్టగలుగుతున్నానంటే దాని మూలం అదే. అక్కకు తన చదువు అందనిచ్చి ఉంటే ఆమె ఎంత దూరం పోయేదో! బాపు నాకు ప్రతిపదార్థం చెప్పే వేళల్లో అక్క వంటింటి గోడకు ఆనుకొని కూర్చుని వినేది. పద్యం ముగిసిన తరువాత ఒక్కొక్కమారు, "బాగుంది లచ్చూ," అనేది. అంతకుమించి అడిగేది కాదు. తలక్రిందులు చేస్తే ఏమౌతుందని అడిగే ఆ పిల్ల ఏమైపోయిందో నాకు తెలియదు.

నేను తరువాత ఈ నిజామాబాదులోనే ఆడపిల్లల బడిలో తెలుగు పండితురాలిగా చాలాకాలం పనిచేశాను. పరీక్షల్లో కాపలా ఉన్నప్పుడు పిల్లలు మిశ్రమాల లెక్కలు చేస్తూ పెన్ను కొరుకుతుంటే, వారి భుజాలమీదుగా వంగి చూసేదానిని. రెండు పాత్రల పాలు, నీళ్ళు, ఆ లెక్కలే. జడలు వేసుకొన్న పిల్లలు, బస్సుల్లో మోస్రానుంచి, బోధనునుంచి వచ్చినవారు, విసుగుతో ఆవులిస్తూ జవాబులు రాసేవారు. ఆ విసుగు చూసి నాకు కోపం వచ్చేది కాదు. ఇంత విసుక్కోగలిగే స్వాతంత్ర్యం వీరికి ఉందికదా అనుకొని సంతోషించేదానిని; ఇంటికి వచ్చి అన్నం సహించేది కాదు. చక్కెర రసాయనం చదివిన మా బంధువుల అబ్బాయికి ఒకమారు అక్క నాలుగు గిన్నెల సంగతి చెప్పాను. "ఇది మాకు మొదటి పాఠం పిన్నీ. వాడిన చెరకులో చక్కెర విరిగిపోతుంది. ఆ రసం కలిసి నిలిస్తే మంచిదీ విరుగుతుంది," అన్నాడు. అతడు అది ఎవరో అచ్చువేసిన పుస్తకంలో చదివాడు. మా అక్క పెరటిపొయ్యిమీద, పొగలో, ఎవరూ అడుగకుండా కనుక్కొన్నది.

రాజమ్మత్త చివరి రోజులలో మతి తప్పి, నన్ను అక్క అనుకొని, నా చేయి పట్టుకొని, "సందూకు సదిరిన బిడ్డా, బండి వచ్చిందా?" అని అడిగేది. నేను వచ్చిందనే చెప్పేదానిని.

సాయిలు తెచ్చిన పలకను మధ్యాహ్నం కడిగి ఎండలో పెట్టాను. ఇంగువవాసన పోలేదు. పెరటిలో పూలకుండీల ఇసుక ఉంటే తెచ్చి పలుచగా పరిచి, వేలితో 'యా' అని రాసి, దాని పక్కన రాయుటకు ఏమీ తోచక కూర్చున్నాను.

పలక మా ఇంటినుంచి పోయిన తరువాత జరిగినది ఇది. బహుధాన్య నామ సంవత్సర వైశాఖంలో మా సుభద్రక్కను మోస్రాకు ఇచ్చి పెండ్లి చేశారు. కాలువ పారే ఆ పొలాల్లో ఆ రోజులలో చలిజ్వరాలు ఎక్కువ. ప్రమాథి నామ సంవత్సర భాద్రపద బహుళ నవమినాడు, జ్వరంతో, ఆమె అక్కడనే మరణించింది. అప్పటికి ఆమె వయస్సు పద్దెనిమిది.